గోడకి టేపుతో అంటించిన అరటిపండు దాకా ఎలా వచ్చాం? ఆర్ట్‌లో ఇన్ని ఇజాలు ఎందుకు పుట్టాయంటే

2024 నవంబర్‌లో న్యూయార్క్ సదబీస్ వేలంపాటలో ఒక అరటిపండు, దాన్ని గోడకి అంటించే టేపు ముక్క, రెండూ కలిపి ఫీజులతో సహా 62 లక్షల డాలర్లకి పోయాయి. చేసింది ఇటలీ ఆర్టిస్ట్ మౌరిజియో కాటెలాన్, పేరు 'కమెడియన్', మొదటిసారి 2019లో మయామీలో ఒక ఆర్ట్ ఫెయిర్‌లో పెట్టారు. కొన్నాయన క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్, ఆయన కొద్దిరోజులకే హాంకాంగ్‌లో ప్రెస్‌ని పిలిచి మరీ దాన్ని తినేశాడు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ రెండే మాటలు వినపడతాయి, ఇదేం ఆర్టు మా పిల్లాడు కూడా చేస్తాడు అని ఒకరు, మీకు ఆర్ట్ తెలీదులెండి అని ఇంకొకరు. రెండూ చర్చని మొదట్లోనే తెంపేసే మాటలే.

ఇంకోపక్క ఏఐ టూల్స్ వచ్చాక "ఇంప్రెషనిస్ట్ స్టైల్‌లో", "బరోక్ స్టైల్‌లో" అని టైప్ చేస్తే బొమ్మ వచ్చి పడుతోంది కాబట్టి ఈ పేర్లు అందరికీ నోటికొచ్చేశాయి, వాటి వెనక కథ మాత్రం చాలామందికి ఎవరూ చెప్పలేదు. స్కూల్లో చెప్పినా ఒక మెట్ల వరసలాగే చెప్తారు, రినైసాన్స్ (1400లు, 1500ల నాటి యూరప్ కళ) అయ్యింది, తర్వాత బరోక్ (1600ల నాటిది), తర్వాత ఇంకోటి, అక్కడికేదో ఆర్టిస్టులందరూ ఒకరోజు లేచి ఈరోజునుంచి కొత్త స్టైల్ అనుకున్నట్టు. నిజానికి చాలాసార్లు ముందు మారింది ఆర్టిస్టుల బుర్ర కాదు. డబ్బిచ్చేవాళ్ళు మారారు, లేదా రంగుల తయారీ మారింది, లేదా బొమ్మని చూపించే చోటు మారింది, లేదా అప్పటిదాకా బొమ్మ చేసే పనిని వేరే యంత్రం ఏదో లాగేసుకుంది. అలా చూస్తే అరటిపండు కూడా ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు అనిపించదు (నచ్చాలని మాత్రం రూలేం లేదు).

శైలి, ఉద్యమం, కాలం: మూడూ ఒకటి కాదు

ముందు ఈ మూడు విడదీసుకోవాలి, సగం కన్‌ఫ్యూజన్ ఇక్కడే ఉంది. శైలి అంటే బొమ్మ మీద కంటికి కనపడేది, గీత ఎలా ఉంది, వెలుగు ఎటునుంచి పడుతోంది, రంగు పల్చగా పూశారా మందంగా పెట్టారా, ఇవి. ఉద్యమం అంటే మనుషుల గుంపు, వాళ్ళకి ఒకరికొకరు తెలుసు, కలిసి ఎగ్జిబిషన్లు పెట్టుకుంటారు, కొట్టుకుంటారు, ఒక్కోసారి ప్రకటన కూడా రాసుకుంటారు. కాలం అంటే వందేళ్ళో రెండొందలేళ్ళో గడిచాక చరిత్రకారులు వెనక్కి తిరిగి చూసి ఇక్కడినుంచి ఇక్కడిదాకా అని గీసిన గీత.

ఫ్యూచరిజం పక్కా ఉద్యమం. ఇటలీ కవి మరినెట్టి 1909 ఫిబ్రవరి 20న పారిస్ పేపర్ లె ఫిగారోలో మొదటి పేజీలో మేనిఫెస్టో వేయించాడు, స్పీడు గొప్పది, మ్యూజియాలు తగలబెట్టాలి అంటూ. తమాషా ఏంటంటే అప్పటికి ఫ్యూచరిస్ట్ పెయింటింగులంటూ ఏవీ లేవు, చిత్రకారులు వచ్చి చేరింది ఆ తర్వాతే. అంటే పేరు ముందు పుట్టింది, బొమ్మలు తర్వాత.

బరోక్ దీనికి పూర్తి రివర్సు. 1600ల మొదట్లో ఇటలీలో పనిచేసిన కారవాజ్జోకి తను బరోక్ ఆర్టిస్టునని చచ్చేదాకా తెలీదు, ఆ మాట పెయింటింగుకి వాడటమే చాలా తర్వాత మొదలైంది. పోస్ట్-ఇంప్రెషనిజం, అంటే ఇంప్రెషనిస్టుల తర్వాత వచ్చిన కొందరు చిత్రకారులకి తగిలించిన పేరు, ఇంకా విడ్డూరం. ఇంగ్లిష్ క్రిటిక్ రోజర్ ఫ్రై 1910లో లండన్‌లో పెట్టిన ఒక ఎగ్జిబిషన్‌కి పేరు కావాల్సొచ్చి దీన్ని కాయిన్ చేశాడు, అప్పటికి వాన్ గో పోయి 20 ఏళ్ళు, సెరా పోయి 19, గొగాన్ 1903లో, సెజాన్ 1906లో పోయారు. ఆ పేరు కింద మనం చదివే నలుగురు పెద్ద ఆర్టిస్టుల్లో ఒక్కడు కూడా ఆ పేరు వినలేదన్నమాట. సెరాకీ వాన్ గోకీ బొమ్మల్లో పోలికలు వెతికి వెతికి అలిసిపోయే స్టూడెంట్లకి ఇది ముందే చెప్పేస్తే బావుంటుంది.

ఒకే భోజనాల బల్ల, ఇద్దరు చిత్రకారులు

శైలి అంటే ఏంటో చూడ్డానికి ఒకే కథని ఇద్దరు వేసిన బొమ్మలు పక్కపక్కన పెట్టుకోవడమంత తేలికైన దారి ఇంకోటి లేదు. యేసు చివరి భోజనం తీసుకుందాం. లియొనార్డో డావించి మిలాన్‌లో ఒక మఠం భోజనశాల గోడ మీద దాదాపు 1495 నుంచి 98 దాకా వేసింది ఒకటి. వెనిస్‌లో సాన్ జార్జియో మజ్జోరే చర్చి కోసం టింటొరెట్టో 1592-94లో వేసింది రెండోది. మధ్యలో సుమారు వందేళ్ళు.

లియొనార్డో బల్ల మనకి ఎదురుగా, అడ్డంగా, తిన్నటి గీతలా ఉంటుంది. యేసు సరిగ్గా నడిమధ్యన, వెనక కిటికీ వెలుగు తల చుట్టూ ఉండేలా. పన్నెండుమంది శిష్యులు ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులు. గదిలో గోడల గీతలు, పైకప్పు గీతలు అన్నీ పొడిగిస్తే యేసు కణత దగ్గర ఒక బిందువులో కలుస్తాయి, ఆ చోట గోడలో మేకు దిగిన చిన్న కన్నం కూడా బయటపడింది, అక్కడ మేకు కొట్టి దారం లాగి గీతలు వేసుకున్నాడని చెప్తారు. ఎవరి మొహం ఎటుందో, ఎవరి చెయ్యి ఎక్కడుందో అంతా స్పష్టం.

టింటొరెట్టో బొమ్మలో బల్ల మూలగా, ముందునుంచి చీకట్లోకి దూసుకెళ్ళిపోతుంది. యేసు దూరంగా, చిన్నగా, తల చుట్టూ వెలుగు లేకపోతే వెతుక్కోవాలి. మనకి దగ్గరగా పెద్దగా కనపడేది పనివాళ్ళు, వాళ్ళ గిన్నెలు, ఒక బుట్టలోకి తొంగిచూస్తున్న పిల్లి. పైన దీపం వేలాడుతుంటే దాని పొగే మెల్లగా దేవదూతలుగా మారిపోతుంటుంది. బొమ్మ ఫ్రేము దగ్గర ఆగినట్టు ఉండదు, పక్కకి కూడా ఇంకా జరుగుతోందేమో అనిపిస్తుంది.

స్విస్ చరిత్రకారుడు హైన్రిక్ వోల్ఫ్లిన్ 1915లో ఇలాంటి తేడాలనే ఐదు జంటలుగా కట్టాడు: గీత ప్రధానమా రంగు మరకలు ప్రధానమా, లోతు పొరలు పొరలుగా ఉందా లోపలికి లాగుతోందా, ఫ్రేములో మూసుకుపోయిందా తెరుచుకుని ఉందా, ఇలా. రినైసాన్సుకీ బరోక్‌కీ తేడా చెప్పాలంటే ఇప్పటికీ టీచర్లు ఎక్కువగా పట్టుకునే తాడు ఇదే. దీన్ని తప్పుపట్టేవాళ్ళ వాదన కూడా సరైనదే, ఇందులో కళ్ళు తప్ప మనుషులు లేరు, వందేళ్ళలో ఎందుకు మారిందో ఇది చెప్పదు అంటారు. పైగా టింటొరెట్టోని కొందరు బరోక్ అనరు, రెండిటి మధ్యలో ఉన్న మానరిజంలో పెడతారు. పెట్టెలు చేసుకున్నాక ఎవరో ఒకరు ఏ పెట్టెలోనూ పట్టకుండా మిగిలిపోవడం మామూలే.

ఎందుకు మారిందనే దానికి జవాబు బొమ్మ బయట ఉంది. 1517లో జర్మనీ మతగురువు లూథర్ చర్చి మీద చేసిన తిరుగుబాటుతో యూరప్ క్రైస్తవం చీలింది. ప్రార్థనలో రొట్టె నిజంగా క్రీస్తు శరీరం అవుతుందా కాదా అన్నది పెద్ద తగాదా. 1545 నుంచి 1563 దాకా కాథలిక్ చర్చి పెద్దల ట్రెంట్ సభ జరిగింది, చివరి సమావేశంలో బొమ్మల మీద కూడా తీర్మానం చేశారు, బొమ్మలు జనానికి మతం నేర్పాలి, భక్తి పుట్టించాలి అని. ఇప్పుడు మళ్ళీ బొమ్మలు చూడండి, లియొనార్డో పట్టుకున్న క్షణం "మీలో ఒకరు నన్ను పట్టిస్తారు" అన్న మాట పడ్డ క్షణం, అది మానవ నాటకం. టింటొరెట్టో పట్టుకున్నది యేసు రొట్టె పంచుతున్న క్షణం. తగాదాలో కాథలిక్ చర్చి ఏ వైపు, అంటే రొట్టె నిజంగానే శరీరం అవుతుందనే వైపు, నిలబడిందో ఆ వైపు సాక్ష్యం చెప్పే బొమ్మ అది.

డబ్బు ఎవరిదో చూడండి

1485లో ఫ్లారెన్స్‌లో ఒక అనాథాశ్రమం కోసం డొమెనికో గిర్లాండాయోతో రాసుకున్న ఒప్పందం ఇప్పటికీ ఉంది. మొత్తం 115 ఫ్లోరిన్లు (అప్పటి బంగారు నాణేలు), బొమ్మ సొంత చేత్తో వెయ్యాలి, నీలం రంగు మాత్రం ఔన్సు నాలుగు ఫ్లోరిన్ల రకం అల్ట్రామెరిన్ అయి ఉండాలి అని రాసుంది. ఆ నీలం ఆఫ్ఘనిస్తాన్ గనుల్లో దొరికే లాపిస్ లాజులీ రాయిని నూరితే వచ్చేది, సముద్రాలు దాటి రావాలి. మరియమ్మ వస్త్రం ఎందుకంత నీలంగా ఉంటుందో అన్న ప్రశ్నకి భక్తి ఒక జవాబైతే, డబ్బిచ్చినాయన తన ఖర్చు అందరికీ కనపడాలనుకోవడం ఇంకో జవాబు.

రినైసాన్స్ అనగానే చెప్పే రెండు పెద్ద సంగతులు కూడా ఇక్కడే. ఒకటి పర్‌స్పెక్టివ్, దూరంగా పోయేకొద్దీ వస్తువులు చిన్నవైపోయే లెక్కని ఫ్లారెన్స్‌లో బ్రూనెలెస్కీ చేసి చూపిస్తే, ఆల్బెర్టీ 1435లో దాన్ని రాతలో పెట్టాడు, బొమ్మ అంటే కిటికీలోంచి చూడటం లాంటిది అని ఆయన పోలిక. రెండోది నూనె రంగు. గుడ్డుసొనలో కలిపిన రంగు చకచకా ఆరిపోతుంది, నూనెలో కలిపింది నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి పొర మీద పొర పల్చగా వేస్తూ మెరుపు, వెల్వెట్ మడత, అద్దంలో నీడ అన్నీ తేవచ్చు. 1434లో యాన్ వాన్ ఐక్ వేసిన ఆర్నోల్ఫీనీ దంపతుల బొమ్మలో వెనక గోడ మీదున్న గుండ్రటి అద్దంలో గది మొత్తం వెనకనుంచి కనపడుతుంది, ఆ అద్దం చూస్తే చాలు నూనె రంగు ఏం చెయ్యగలదో తెలిసిపోతుంది.

బరోక్ ఒకటే రకం కాదని చెప్పడానికి హాలండ్ చాలు. రోములో చర్చి డబ్బుతో కారవాజ్జో చీకట్లోంచి ఒక్కసారిగా వెలుగు కొట్టిస్తుంటే, ప్రొటెస్టెంట్లున్న డచ్ రిపబ్లిక్‌లో చర్చిలు బొమ్మలు ఆర్డర్ ఇవ్వడం దాదాపు మానేశాయి. అప్పుడు కొనేది ఎవరు? వ్యాపారులు, మామూలు జనం, ఇళ్ళల్లో పెట్టుకోవడానికి. దాంతో సైజు తగ్గింది, సబ్జెక్టులు మారాయి, పళ్ళు, చేపలు, పొలాలు, ఉత్తరం చదువుకుంటున్న అమ్మాయి. ముందే ఆర్డర్ లేకుండా వేసి తర్వాత బజార్లో అమ్ముకునే పద్ధతి ఇంత పెద్ద ఎత్తున అక్కడే నడిచింది.

తర్వాతి కొన్నిటిని త్వరగా దాటేస్తాను. రొకోకో అంటే ఫ్రాన్సులో పద్దెనిమిదో శతాబ్దపు ధనవంతుల సరదా, లేత గులాబీ రంగులు, తోటలు, ఫ్రాగొనార్ 1767 నాటి ఉయ్యాల బొమ్మ చూస్తే చాలు. దానికి విసుగొచ్చి, పైగా 1748లో పాంపే తవ్వకాలు మొదలై పాత రోమ్ మీద మోజు పెరిగి నియోక్లాసిసిజం వచ్చింది. ఇక్కడ ఒక చిత్రం ఉంది, జాక్ లూయీ దావీద్ 1784లో రాజుగారి ఖజానా డబ్బుతోనే 'హొరేషియన్ల ప్రమాణం' వేశాడు, దేశం కోసం ప్రాణాలిస్తామని ముగ్గురు అన్నదమ్ములు చేతులు చాచే బొమ్మ, తొమ్మిదేళ్ళ తర్వాత ఫ్రెంచ్ విప్లవంలో అదే రాజు తల తీయడానికి అనుకూలంగా ఓటేశాడు.

రొమాంటిసిజం వైపు, అంటే ఆవేశానికీ అనుభూతికీ పెద్దపీట వేసిన పద్ధతి వైపు వస్తే జెరికో వేసిన 'మెడూసా తెప్ప' ఉంది, 1816లో మెడూసా అనే ఫ్రెంచ్ ఓడ ఇసుకమేటలో ఇరుక్కుపోతే తెప్ప మీద వదిలేసిన సుమారు 147 మందిలో 15 మందే ప్రాణాలతో దొరికారు, అది అప్పటి ప్రభుత్వానికి తలవంపుల వార్త. దేవుళ్ళకీ రాజులకీ కేటాయించిన సైజులో, ఏడు మీటర్ల వెడల్పున, ఒక స్కాండల్‌ని వేశాడు. కూర్బే ఇంకో అడుగు వేసి తన ఊళ్ళో మామూలు మనిషి అంత్యక్రియల్ని అంతే పెద్దగా వేశాడు. 1850లో ఆ బొమ్మ చూసి పారిస్ జనం మండిపడింది బొమ్మ బాగాలేదని కాదు, అంత పెద్ద కాన్వాసు ఆ రైతులకెందుకని.

కెమెరా వచ్చింది కాబట్టి ఇంప్రెషనిజం వచ్చిందా?

1839లో డగేర్ ఫోటో పద్ధతి ప్రకటించారు. 1874లో ఇంప్రెషనిస్టుల, అంటే మారిపోయే వెలుతురుని చిన్న చిన్న రంగు పూతలతో పట్టుకోవాలని చూసిన పారిస్ చిత్రకారుల, మొదటి ఎగ్జిబిషన్. ఈ రెండు తేదీల్నీ కలిపేసి, ఉన్నది ఉన్నట్టు చూపించే పని కెమెరా తీసుకుంది కాబట్టి పెయింటర్లు మసక బొమ్మల్లోకి వెళ్ళారు అని తేల్చేస్తుంటారు. ఇందులో నిజం కొంత ఉంది, చిన్న సైజు పోర్ట్రెయిట్లు వేసి బతికేవాళ్ళ పొట్ట కెమెరా నిజంగానే కొట్టింది. కానీ మొత్తం కథ అది కాదు. మధ్యలో 35 ఏళ్ళు ఉన్నాయి, అన్నేళ్ళూ ఆ తర్వాతా కూడా నున్నగా ఫోటోలా వేసే బూగెరో, జెరోమ్ లాంటివాళ్ళే బాగా సంపాదించుకున్నారు. అప్పటి ఫోటోకి రంగు లేదు. పైగా కెమెరాకీ ఈ గుంపుకీ పడలేదనుకోవడం కూడా తప్పే, వాళ్ళ మొదటి ఎగ్జిబిషన్ జరిగిందే ఫోటోగ్రాఫర్ నదార్ ఖాళీ చేసిన స్టూడియోలో, దెగా అయితే తర్వాత తనే ఫోటోలు తీశాడు.

మిగతా కారణాలు అంత గ్లామర్‌గా ఉండవు. 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ గోఫ్ రాండ్ లోహపు రంగు ట్యూబుకి పేటెంట్ తీసుకున్నాడు, అంతకుముందు కలిపిన రంగుని పంది మూత్రాశయం సంచుల్లో పెట్టుకునేవారు, చిల్లు పొడిస్తే మళ్ళీ సరిగ్గా మూసుకోదు, రంగు ఎండిపోతుంది. ట్యూబు ఉంటే జేబులో వేసుకుని బయటికెళ్ళి వెలుతురు మారేలోపు వేసుకురావచ్చు. రైళ్ళు వచ్చాయి కాబట్టి ఆదివారం నది ఒడ్డుకి పారిస్ జనం వెళ్తున్నారు, వాళ్ళ వెనకే పెయింటర్లు కూడా. ఫ్యాక్టరీలనుంచి కొత్త రంగులు దిగుతున్నాయి, గిర్లాండాయో కాలంలో బంగారంతో తూగిన అల్ట్రామెరిన్ నీలం 1820లలోనే చవగ్గా తయారుచెయ్యడం వచ్చేసింది.

అన్నిటికన్నా పెద్దది సాలోన్ గొడవ. పారిస్‌లో పేరు రావాలంటే ప్రభుత్వం నడిపే సాలోన్ ఎగ్జిబిషన్లో జ్యూరీ ఒప్పుకోవాలి, వేరే దారి దాదాపు లేదు. 1863లో జ్యూరీ మరీ ఎక్కువమందిని తిప్పి పంపేసరికి అల్లరై, చక్రవర్తి మూడో నెపోలియన్, తిరస్కరించినవాటికి పక్కనే ఇంకో ఎగ్జిబిషన్ పెట్టించాడు, మానే బొమ్మ ఒకటి అక్కడే రచ్చ చేసింది. పదకొండేళ్ళ తర్వాత మొనే, రెన్వార్, దెగా, పిసారో, బెర్త్ మోరిసో వాళ్ళు జ్యూరీ లేకుండా సొంత ఖర్చుతో పెట్టుకున్నారు. హాస్యపత్రికలో లూయీ లెరువా అనే ఆయన మొనే బొమ్మ 'ఇంప్రెషన్, సూర్యోదయం' పేరు పట్టుకుని ఎగతాళి చేశాడు, సగం తయారైన వాల్‌పేపర్ కూడా దీనికన్నా పూర్తిగా ఉంటుందని. 1886 దాకా ఎనిమిది ఎగ్జిబిషన్లు పెట్టారు, ఎనిమిదిట్లోనూ ఉన్నది పిసారో ఒక్కడే, దెగాకి ఆ ఇంప్రెషనిస్ట్ అన్న పేరే పడేది కాదు. వాళ్ళని నిలబెట్టింది డ్యురాన్-రుఎల్ అనే డీలర్, చవగ్గా ఉన్నప్పుడే గుత్తగా కొని, దివాలా అంచుదాకా వెళ్ళి, 1886లో న్యూయార్క్ తీసుకెళ్ళి అమ్మాడు. ప్రైవేటు గ్యాలరీ, సోలో షో, క్రిటిక్ రాతలు, ఇప్పుడు ఆర్ట్ మార్కెట్ నడిచే పద్ధతి చాలావరకు అప్పుడే కుదురుకుంది.

ఇంతకీ ఆ సూర్యోదయం బొమ్మలో గొప్పేంటి అంటే ఒక పని చేస్తే తెలుస్తుంది. దాని ఫోటో బ్లాక్ అండ్ వైట్‌లోకి మారిస్తే నారింజ రంగు సూర్యుడు దాదాపు మాయమైపోతాడు. ఎందుకంటే సూర్యుడి వెలుగు స్థాయి, వెనకున్న బూడిద ఆకాశం వెలుగు స్థాయి ఇంచుమించు ఒకటే, తేడా అంతా రంగులోనే. మన చూపులో వెలుతురుని పసిగట్టే భాగానికి ఆ సూర్యుడు సరిగ్గా అందడు, రంగుని చూసే భాగానికి మండిపోతూ కనపడతాడు, అందుకే ఆ సూర్యుడు కాస్త వణుకుతున్నట్టు అనిపిస్తాడని న్యూరోసైన్స్ వాళ్ళ వివరణ. సగం తయారైన వాల్‌పేపర్‌లో ఉన్న పనితనం అది.

పారిస్‌లో పుట్టిందంటారు, ముడిసరుకు ఎక్కడిది?

జపాన్ చెక్కముద్ర బొమ్మలు లేకపోతే ఆ చదును రంగులు, ఫ్రేము అంచున మనిషిని సగానికి కోసేయడం, ఇవన్నీ పారిస్‌లో ఇంత త్వరగా వచ్చేవి కావు. వాన్ గో 1887లో హిరోషిగే బొమ్మల్ని చూసి నూనె రంగుల్లో కాపీ చేశాడు. ఇక్కడో మెలిక కూడా ఉంది, హొకుసాయ్ పెద్ద అలలో ఆ ముదురు నీలం జపాన్‌ది కాదు, బెర్లిన్‌లో పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పుట్టిన ప్రష్యన్ బ్లూ. యూరప్ రంగు జపాన్ వెళ్ళి, జపాన్ బొమ్మగా మారి తిరిగి యూరప్‌ని మార్చింది.

ఆఫ్రికా సంగతి ఇంత ముచ్చటగా ఉండదు. పికాసో 1907లో 'అవిన్యో అమ్మాయిలు' వేసే రోజుల్లో పారిస్ మ్యూజియంలో ఆఫ్రికా ముసుగులు చూశాడు, ఆ బొమ్మలో కుడివైపు ఇద్దరి మొహాల్లో అది తెలుస్తుంది. ఆ వస్తువుల్లో చాలావాటిని వలసపాలన రోజుల్లో అక్కడినుంచి తెచ్చేశారు, చెక్కినవాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. కొత్త చూపుకి పికాసోని మెచ్చుకుంటాం సరే, ముసుగు చెక్కినవాడికి పేరు కూడా దక్కలేదు కదా అన్నది ఒక వాదన. చూసింది అందరూ చూశారు, దాంతో ఏం చేశాడన్నదే లెక్క అన్నది రెండోది. నాకు మొదటిదే బరువుగా అనిపిస్తుంది, రెండోది అబద్ధమని మాత్రం అనను.

ఇంకో సంగతి, యూరప్‌లో పాతబడిపోయిన స్టైల్ వేరేచోట సరికొత్తది అవ్వొచ్చు. రవివర్మ నూనె రంగుల్లో దేవతల్ని నిజం మనుషుల్లా వేస్తే ఇక్కడ అది కొత్తదనం, పారిస్‌లో అదే పద్ధతి మీద తిరుగుబాటు నడుస్తోంది. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ వాళ్ళు ఆ యూరప్ పద్ధతి వద్దని మొఘల్ చిత్రాలవైపు, రంగుని నీళ్ళలో పల్చగా పరిచే జపాన్ వాష్ పద్ధతివైపు తిరిగారు, అంటే వాళ్ళకి ఆధునికం కావడమంటే వెనక్కి చూడటం. 1922లో అదే కలకత్తాలో కాండిన్‌స్కీ, క్లీ లాంటి బౌహౌస్ (జర్మనీలో ఒక ఆర్ట్ స్కూల్) ఆర్టిస్టుల బొమ్మలు కూడా ప్రదర్శించారు. మెట్ల వరస థియరీలో ఇవి ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలీదు.

క్యూబిజంలో విరిగింది ఆల్బెర్టీ కిటికీ

క్యూబిజం అంటే ఒకే వస్తువుని పలు వైపులనుంచి చూసి ముక్కలుగా ఒకే బొమ్మలో పెట్టడం. అది చూసి జనం తడబడటానికి కారణం, మనం అలవాటుగా ఒకేచోట నిలబడి ఒక కన్నుతో చూసినట్టున్న బొమ్మనే నిజం అనుకుంటాం. సెజాన్ దీన్ని ముందే కొంచెం కదిపాడు, ఆయన యాపిల్స్ బల్లలు గమనిస్తే గుడ్డకి ఎడమవైపు బల్ల అంచు, కుడివైపు అంచు ఒకే గీతలో కలవవు. కొంచెం జరిగి మళ్ళీ చూసినట్టన్నమాట. బ్రాక్, పికాసో 1908 నుంచి దాన్ని చివరిదాకా లాగారు.

1910లో పికాసో తన డీలర్ కాన్‌వైలర్ పోర్ట్రెయిట్ వేశాడు. మొదటి చూపుకి గోధుమ, బూడిద రంగు గాజు పెంకుల కుప్ప. ఓపికపడితే కింద మధ్యలో ఒకదానిమీద ఒకటి పెట్టిన చేతులు దొరుకుతాయి, కొంచెం పైన వాచీ గొలుసు వంపు, ఇంకా పైన పక్కకి దువ్విన జుట్టు. రంగులు కావాలనే తగ్గించారు, రంగు ఉంటే కన్ను ఆకారాల లెక్క వదిలేస్తుందని. 1912కి వచ్చేసరికి కుర్చీ అల్లిక ముద్రించిన ఆయిల్‌క్లాత్ ముక్కని కాన్వాసుకి నేరుగా అంటించేశాడు. వస్తువు బొమ్మ బదులు వస్తువులాంటిదాన్నే అతికించడం, ఇది గుర్తుపెట్టుకోండి, ఇంకో ఐదేళ్ళలో పనికొస్తుంది.

అసలు వస్తువే లేని బొమ్మ, అంటే అబ్‌స్ట్రాక్ట్, ఎవరు మొదట వేశారన్న పందెంలో చాలాకాలం కాండిన్‌స్కీ పేరే చెప్పేవారు, 1910-11 ప్రాంతం. 1915 డిసెంబర్లో పెట్రోగ్రాడ్‌లో మలేవిచ్ నల్ల చతురస్రాన్ని గది మూలన, పైన, రష్యన్ ఇళ్ళల్లో దేవుడి పటం పెట్టే చోట పెట్టాడు. కానీ స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ 1906-07లోనే పెద్దపెద్ద అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు వేసేసింది, తను పోయాక 20 ఏళ్ళదాకా చూపించొద్దని చెప్పింది, పోయింది 1944లో, జనం చూడటం మొదలైంది 1986లో. ఆమెని మొదటిది అనొచ్చా? వేసిన తేదీ చూస్తే అనొచ్చు. ఆమె వాటిని ఆత్మల ప్రపంచపు సందేశాలుగా వేసింది, ఎవరూ చూడలేదు, ఎవరిమీదా ప్రభావం లేదు కాబట్టి ఉద్యమ చరిత్రలోకి రాదు అనేవాళ్ళూ ఉన్నారు. కాండిన్‌స్కీ కూడా ఆధ్యాత్మికతే మాట్లాడాడు కదా, ఆయనకి లేని అడ్డు ఆమెకెందుకు అని తిరిగి అడిగేవాళ్ళూ ఉన్నారు.

మూత్రపు తొట్టి, సూప్ డబ్బా, అరటిపండు

మొదటి ప్రపంచయుద్ధంలో 1916లో జ్యూరిక్‌లో ఒక కాబరేలో డాడా అనే ఉద్యమం మొదలైంది, ఇంత చదువు ఇంత సంస్కృతి ఉన్న యూరప్ ఇలా కొట్టుకు చస్తుంటే అందమైన బొమ్మలు ఎవరికోసం అని. 1917లో న్యూయార్క్‌లో ఆరు డాలర్లు కడితే జ్యూరీ లేకుండా ఎవరి పనైనా పెడతామన్న ఒక సంఘానికి ఆర్. మట్ అన్న సంతకంతో పింగాణీ మూత్రపు తొట్టి వచ్చింది, పేరు 'ఫౌంటెన్'. పంపింది మార్సెల్ ద్యూషాంప్, ఆయనే ఆ సంఘం బోర్డు మెంబరు కూడా. ఎవరిదైనా పెడతామన్న సంఘం దాన్ని పెట్టలేదు. అసలు తొట్టి పోయింది, మిగిలింది స్టీగ్లిట్జ్ తీసిన ఫోటో, ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నవి ఎక్కువగా 1964లో చేయించిన కాపీలు. స్నేహితురాలొకరు దాన్ని పంపిందని ద్యూషాంప్ ఆ రోజుల్లో చెల్లికి ఉత్తరం రాశాడు, దాన్నిబట్టి అసలు ఐడియా అప్పట్లో న్యూయార్క్‌లో ఉన్న ఆర్టిస్టు ఎల్సా ఫొన్ ఫ్రైటాగ్-లోరింగ్‌హోఫెన్‌దని కొందరంటారు, ఆధారం చాలదని మిగతావాళ్ళు.

ఆ తర్వాత హిట్లర్ ప్రభుత్వం 1937లో మ్యూనిక్‌లో ఆధునిక కళని 'పాడైపోయిన కళ' అని ఎగతాళి ఎగ్జిబిషన్ పెట్టడం, యుద్ధం, ఆర్టిస్టుల వలస, వీటితో కేంద్రం న్యూయార్క్‌కి జరిగింది. 1947లో అమెరికన్ చిత్రకారుడు పొలాక్ కాన్వాసుని నేలమీద పరిచి రంగు చిమ్మాడు. దీన్ని అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం అన్నారు, దీని వెనక సీఐఏ ఉందన్న కథ మీరు వినే ఉంటారు. ఆధారం ఉన్న భాగం ఇది: సీఐఏ డబ్బుతో నడిచిన ఒక సాంస్కృతిక సంస్థ ఉండేది, 1960ల మధ్యలో ఆ గుట్టు బయటపడింది, అమెరికాలో స్వేచ్ఛ ఉందని చూపడానికి ఈ బొమ్మలు పనికొచ్చాయి. ఆధారం లేనిది: స్టైల్‌నే సీఐఏ పుట్టించిందన్నది. ఆర్టిస్టులకి తెలుసని చూపే కాగితం లేదు, పైగా అప్పటి అమెరికన్ రాజకీయనాయకులు చాలామంది ఈ బొమ్మల్ని బహిరంగంగానే తిట్టారు.

1962లో అమెరికన్ ఆర్టిస్ట్ వార్హోల్ లాస్ ఏంజెలెస్‌లో 32 కాన్వాసులు పెట్టాడు, కాంప్‌బెల్ సూప్‌లో ఒక్కో రకానికి ఒక్కోటి, కొట్లో సరుకులా వరసగా. 1965లో జోసెఫ్ కొసూత్ ఒక కుర్చీ, దాని ఫోటో, డిక్షనరీలో కుర్చీ అర్థం, మూడూ పక్కపక్కన పెట్టాడు. వీటిలో కుర్చీ చేసింది ఆర్టిస్టు కాదు. పని అంతా ఎంపికలో, ఏది దేని పక్కన పెట్టాలన్న నిర్ణయంలో ఉంది. దీన్నే కాన్సెప్చువల్ ఆర్ట్ అంటారు.

ఇక అరటిపండు. కొన్నవాడికి దక్కేది పండు కాదు, అది వారంలో కుళ్ళిపోతుంది, దక్కేది ఒక సర్టిఫికెట్, ఎలా అంటించాలో చెప్పే సూచనలు. పండు మార్చుకోవచ్చు, టేపూ మార్చుకోవచ్చు. కాబట్టి "మా పిల్లాడు కూడా అంటిస్తాడు" అన్నది నిజమే, ఆ సంగతి ఆ పని ఒప్పుకునే కూర్చుంది. దాని మీద వెయ్యాల్సిన గట్టి ప్రశ్న వేరే: ద్యూషాంప్ వందేళ్ళ క్రితం చేసినదాంట్లో లేనిది ఇందులో ఏముంది? వెనకేసుకొచ్చేవాళ్ళు చెప్పేది, ఇది ఆర్ట్ మార్కెట్ మీద జోకు, 62 లక్షలిచ్చి కొనడంతోనే జోకు పూర్తయ్యింది అని. ఒప్పుకోనివాళ్ళు, మార్కెట్టే హాయిగా నవ్వుతూ కొనుక్కుంటుంటే అది ఎవరిమీద జోకు అంటారు. రెండోవాళ్ళ ప్రశ్నకి నేను ఇంకా మంచి జవాబు వినలేదు.

మెట్ల వరస ఎవరు కట్టారు

మనందరి బుర్రలో ఉన్న ఆ వరస చాలావరకు 1936 నాటిది. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ మొదటి డైరెక్టర్ ఆల్‌ఫ్రెడ్ బార్ క్యూబిజం, అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్ మీద ఎగ్జిబిషన్ పెట్టి కేటలాగ్ అట్ట మీద ఒక చార్టు వేశాడు. పైన 1890, కింద 1935, మధ్యలో ఇజాలు, బాణాలు, అన్నీ ప్రవహించి కింద రెండు రకాల అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్‌లోకి చేరతాయి. సూపర్ ఉపయోగపడే చార్టు, నిజం. అందులో ఉద్యమాల పక్కన మనుషుల పేర్లు, ఊర్లు, సంవత్సరాలు ఉంటాయి, జపాన్ ముద్రలు, ఆఫ్రికా శిల్పం మాత్రం ఎర్రటి డబ్బాల్లో, పేర్లు లేకుండా, బయటినుంచి తోసే గాలిలా ఉంటాయి. ఆడవాళ్ళు దాదాపు కనపడరు.

దీనిమీద 1971లో అమెరికన్ కళాచరిత్రకారిణి లిండా నాక్లిన్ ఒక వ్యాసంలో గొప్ప ఆర్టిస్టుల్లో ఆడవాళ్ళు ఎందుకు లేరు అన్న ప్రశ్ననే తిరగేసింది. మనిషి శరీరం గీయడం రాకపోతే పెద్ద బొమ్మ వెయ్యలేరు, నగ్న మోడల్ ఉన్న క్లాసుల్లోకి వాళ్ళని రానిచ్చేవారు కాదు, పారిస్‌లో పెద్ద ఆర్ట్ స్కూల్ ఎకోల్ దె బోజార్ అమ్మాయిల్ని చేర్చుకుంది 1897లో. బెర్త్ మోరిసో ఎనిమిది ఇంప్రెషనిస్ట్ ఎగ్జిబిషన్లలో ఏడిట్లో పాల్గొంది, మొనే, రెన్వార్‌లకన్నా ఎక్కువ. ఆమె బొమ్మల్లో ఉయ్యాల, బాల్కనీ, తోట ఉంటాయి, కేఫ్‌లూ బార్లూ ఉండవు, ఆ కాలంలో పరువున్న ఇంటి ఆడమనిషి ఒంటరిగా అక్కడ కూర్చుని స్కెచ్ వేసుకునే వీలే లేదు. ఇంప్రెషనిజం అంటే నగరజీవితం అని నిర్వచనం రాసుకున్నప్పుడు ఆమె దానంతటదే అంచుకి జరిగిపోయింది.

ఇవన్నీ ఒప్పుకున్నా చార్టు పడెయ్యమనడం తేలిక కాదు, కాలక్రమం లేకపోతే కొత్తవాళ్ళకి ఏది దేనికి జవాబో అంతుపట్టదు అని చాలామంది టీచర్ల మాట. 2019 అక్టోబర్లో బార్ నడిపిన ఆ మ్యూజియమే గదులు మళ్ళీ సర్ది తెరిచినప్పుడు పికాసో 'అవిన్యో అమ్మాయిలు' ఉన్న గదిలోనే నల్లజాతి అమెరికన్ చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1967లో వేసిన పెద్ద బొమ్మ పెట్టారు, అమెరికాలో నల్లవాళ్ళు తెల్లవాళ్ళు రక్తాలు కారేలా కొట్టుకుంటున్న దృశ్యం, రెండిటి మధ్య 60 ఏళ్ళు. పికాసో బొమ్మలోని హింస ఇప్పుడు కొత్తగా కనపడుతోందని కొందరు మెచ్చుకున్నారు, ఇద్దరి సందర్భాలూ వేరు, ఇలా కలిపితే రెండూ పల్చబడ్డాయని కొందరు తిట్టారు. ఆ సర్దుబాటే అక్కడ శాశ్వతం కూడా కాదు, కొన్ని నెలలకోసారి కొన్ని గదులు మారుస్తూ ఉంటామని మ్యూజియం అప్పుడే చెప్పింది.